సమాధిలో కచేరీ: రెఖ్మిరే నుంచి నేక్‌నాం ఖాన్ దాకా

ప్రాచీన రాజ్యాల చరిత్రకు మిగిలిన ఆధారాలలో ఎక్కువ భాగం రాజులు తమ కోసం కట్టించుకొన్నవీ, తమ గురించి చెక్కించుకొన్నవీ. ప్రశస్తులు వారివే, విజయస్తంభాలు వారివే, ఆలయాల గోడల మీద మొదటి పేరూ వారిదే. రాజు పేరున సుంకం వసూలు చేసినవాడు, పొలం గట్టు తగాదా విని తీర్పు చెప్పినవాడు, కాలువకు గండి పడితే మనుషులను కూడగట్టి పంపినవాడు, ధాన్యం కొలత దగ్గర నిలబడి లెక్క వ్రాయించినవాడు మాత్రం శాసనం చివర సాక్షులలో ఒకడిగా మిగులుతాడు. చాలాసార్లు ఆ పేరైనా మిగలదు. ఈ లోటును తీర్చగల ఆధారం సమృద్ధిగా దొరికే చోటు ఈజిప్టులో నైలునది పడమటి ఒడ్డున ఉంది. నేటి లుక్సోర్ పట్టణానికి ఎదురుగా, గ్రీకులు థీబ్స్ అని పిలిచిన ప్రాచీన రాజధానికి చెందిన కొండలలో, వందలాది అధికారులు రాతిని తొలిపించి సమాధులు కట్టించుకొన్నారు. ఆ సమాధుల పట్టికలో 100వ సంఖ్య గలది రెఖ్మిరే అనే ప్రధానమంత్రిది. ఒక రాజ్యం రోజువారీగా ఎలా నడిచిందో ఇంత విస్తారంగా చెప్పే సమాధి మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల చరిత్ర చదివేవారికి అంత దూరపు సమాధితో పని ఏమిటన్న ప్రశ్న సహజమైనదే. ఈ సీమ ఏ పెద్ద రాజ్యానికీ రాజధాని కాలేదు. విజయనగరం, గోల్కొండ, కడప నవాబులు, మైసూరు, నిజాం, ఆ పిమ్మట 1800లో దత్తమండలాల పేరిట ఈస్టిండియా కంపెనీ, ఇలా ఎప్పుడూ ఎక్కడో దూరాన ఉన్న రాజధాని పంపిన మనుషుల చేతనే ఇక్కడి పాలన సాగింది. 1858లో కర్నూలు జిల్లాను కూర్చినప్పుడు కంభం, మార్కాపురం తాలూకాలు కడప నుంచి విడివడి దానిలో చేరాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాలు కర్నూలు నుంచి దానిలోకి వచ్చాయి. ఇటువంటి సీమకు రాజుల చరిత్ర కంటె అధికారుల చరిత్రే దగ్గరి చరిత్ర. అధికారిని చరిత్రకారుడు ఎలా చదవాలో నేర్చుకోవడానికి రెఖ్మిరే సమాధి ఒక పాఠశాల వంటిది.

రెఖ్మిరే క్రీస్తుపూర్వం 15వ శతాబ్దం వాడు. ఈజిప్టును ఏలిన రాజవంశాలలో పద్దెనిమిదవదానికి చెందిన మూడవ తుత్మోస్ కాలంలో, అంటే సుమారు క్రీ.పూ. 1479 నుంచి 1425 వరకు సాగిన పాలన చివరి భాగంలో, అతడు దక్షిణ ఈజిప్టుకు ప్రధానమంత్రి అయ్యాడు. తుత్మోస్ కుమారుడైన రెండవ అమెన్‌హోటెప్ పాలన మొదట్లో కూడా ఆ పదవిలో ఉన్నాడు. ఆధునిక పండితులు ఈ పదవిని వజీరు అనే మాటతో సూచిస్తారు. ఆ కాలంలో ఉత్తరానికి ఒకరు, దక్షిణానికి ఒకరు చొప్పున ఇద్దరు వజీరులు ఉండేవారు. రెఖ్మిరే తాతగారైన ఆమెచూ, పినతండ్రి వరుసయిన ఉసెర్ కూడా ఇదే పదవి చేసినవారు. తండ్రి నెఫెర్‌వెబెన్ మాత్రం అమున్ దేవాలయంలో అర్చకవర్గంలో ఉన్నాడు. పదవి ఒకే కుటుంబంలో మూడు తరాలు నిలిచిందన్నమాట. ఈ సంగతిని గుర్తుంచుకొంటేనే, పక్షపాతం కూడదంటూ ఆ గోడల మీద అంత గట్టిగా వ్రాయించుకోవడంలోని అవసరం అర్థమవుతుంది.

సమాధి అనగానే తెలుగు పాఠకుడికి శవాన్ని పూడ్చిన చోటు గుర్తుకు వస్తుంది. ఈజిప్టు అధికారుల సమాధిలో రెండు భాగాలు ఉంటాయి: ఒకటి శరీరాన్ని భద్రపరచే గోతి, రెండవది బంధువులు, అర్చకులు, దారిన పోయేవారు లోపలికి వచ్చి అన్నపానీయాలు సమర్పించే మందిరం. శరీరం చెడకుండా ఎండించి గుడ్డలు చుట్టే మమ్మీ పద్ధతి గురించి తెలుగువారిలో చాలామంది హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలను చూసి తెలుసుకొన్నారు. ఆరవ నిజాం అల్లుడైన నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టులో కొని తెచ్చిన ఆ మమ్మీ 1930లో ప్రదర్శనశాలకు చేరింది. అక్కడ శరీరం ఉంది, దాని చుట్టూ ఉండవలసిన గోడలు లేవు. రెఖ్మిరే విషయంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. అతని శరీరం గాని, దానిని దాచిన గోతి గాని ఆ మందిరంలో దొరకలేదు. దొరికిన గోడలు మాత్రం రాజ్యమంతటి కథ చెబుతున్నాయి. చరిత్రకారుడికి ఈ రెండింటిలో ఏది ఎక్కువ విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ మందిరం నిర్మాణం తేలికగా ఊహించుకోదగినదే. వాకిలి దాటగానే అడ్డంగా ఒక గది, దాని నడిమి నుంచి కొండలోపలికి సుమారు 27 మీటర్ల పొడవున ఒక సన్నని గది. ఈ రెండవ గది కప్పు వాకిలి దగ్గర తక్కువ ఎత్తున మొదలై, లోపలికి పోయేకొద్దీ లేస్తూ చివర 8 మీటర్ల దాకా పోతుంది. చివరి గోడలో పైకెత్తున ఒక గూడు ఉంది. చనిపోయినవాడు ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య రాకపోకలు సాగించేందుకు రాతిలో చెక్కే ఉత్తుత్తి ద్వారం అక్కడ ఉండేది, ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. కొండరాయి నాసిరకం కావడం వల్ల గోడలకు గచ్చు పూసి, దాని మీద రంగులు వేశారు. ముందు గదిలో ప్రధానమంత్రి ఉద్యోగం, పొడవాటి గదిలో అతని అజమాయిషీలోని కర్మశాలలు, విందు, అంత్యక్రియలు చిత్రించారు. అంటే లోపలికి నడిచేవాడు కచేరీలో మొదలుపెట్టి మరణంలో ముగిస్తాడు.

ముందు గదిలోని వ్రాతలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, రాజు కొత్త వజీరును పదవిలో నిలిపేటప్పుడు చేసే ఉపదేశం. ఆ పదవి తీయనిది కాదని, చేదైనదని రాజు మొదటే హెచ్చరిస్తాడు. తెలిసినవాడినీ తెలియనివాడినీ, దగ్గరివాడినీ దూరపువాడినీ ఒకేవిధంగా చూడాలని, అర్జీదారు మాట పూర్తిగా వినకుండా త్రోసిపుచ్చకూడదని, త్రోసిపుచ్చవలసి వస్తే దానికి కారణం చెప్పి పంపాలని ఆదేశిస్తాడు. ఇక్కడ ఒక పాత వజీరు ప్రస్తావన వస్తుంది. ఖెతి అనే ఆ వజీరు, తనవారి పట్ల పక్షపాతం చూపాడన్న నింద వస్తుందేమోనన్న భయంతో, తన బంధువుల వ్యాజ్యాలలో న్యాయం వారివైపు ఉన్నా వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పేవాడట. అది న్యాయం కాదని, న్యాయాన్ని మించిన మరొక అన్యాయమని రాజు చెబుతాడు. పాలనాశాస్త్రం వ్రాసిన ప్రాచీనులలో ఇంత సూక్ష్మమైన దోషాన్ని పట్టి చూపినవారు అరుదు. లంచగొండిని తప్పుపట్టడం ఎవరైనా చేస్తారు. మచ్చ పడకూడదన్న ఆత్రంలో తన మేనల్లుడికి అన్యాయం చేసే నిజాయితీపరుడిని తప్పుపట్టడానికి పరిపాలన అనుభవం కావాలి. మాదన్న గోల్కొండ ప్రధానిగా ఉండగా, అతని మేనల్లుడని జనశ్రుతి చెప్పే పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ము భద్రాచల ఆలయానికి ఖర్చు చేసి పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడన్న కథ తెలుగునాట భక్తికథగానే వినబడుతూ వచ్చింది. ఖెతి ప్రస్తావన చదివిన తరువాత ఆ కథలో మేనమామ నిలబడిన చోటు ఎంత ఇరుకైనదో కొత్తగా కనిపిస్తుంది.

రెండవ వ్రాత వజీరు విధులను వరుసగా చెప్పేది. వజీరు విచారణకు కూర్చొనేటప్పుడు ఎటువంటి ఆసనం ఉండాలి, క్రింద ఏ చాప పరచాలి, ఏ వస్త్రం కప్పుకోవాలి, ఎవరు కుడివైపున, ఎవరు ఎడమవైపున నిలబడాలి అన్నది మొదలుకొని అందులో ఉంది. అతని ఎదుట తోలుతో చేసిన నలభై వస్తువులు పరచి ఉంటాయి; అవి చట్టాలు వ్రాసిన తోలుచుట్టలని కొందరు, దండనాధికారానికి గుర్తయిన బెత్తాలని కొందరు పండితులు వాదించారు. ప్రతి ఉదయం వజీరు రాజుకు దేశక్షేమం విన్నవించి, బయట ధ్వజస్తంభం దగ్గర కోశాధికారిని కలుసుకొని, ఒకరికొకరు తమ శాఖలలో అంతా సవ్యంగా ఉందని చెప్పుకొన్న తరువాతే రాజభవనపు తలుపులన్నీ తెరవాలి. ఒకరి లెక్కను మరొకరు రోజూ వినే ఏర్పాటు ఇది. భూమి గురించిన అర్జీ ఏదైనా వ్రాతలోనే రావాలి. భూమి రాజధానికి దగ్గరలో ఉంటే మూడు రోజులలో, దూరాన ఉంటే రెండు నెలలలో తేల్చాలి. నేరం చేసినవాడి పేరు చెరసాల పుస్తకాలలో ఉందో లేదో చూడాలి. మొహరు వేసిన పత్రాలు తెప్పించుకొని చదివి, తిరిగి తన మొహరు వేసి పంపాలి.

విధుల పట్టికలో నీటి పని ప్రత్యేకంగా గమనించదగినది. నైలు వరద ఎప్పుడు మొదలవుతుందో, దానికి ముందు వేకువన ఆకాశంలో ఉదయించే లుబ్ధక నక్షత్రం ఎప్పుడు కనబడిందో వజీరుకు విన్నవించాలి. కాలువల పనికి, దున్నకానికి, కోతలకు ఊళ్ళ అధికారులను సమయానికి పంపే బాధ్యత అతనిదే. కంభం చెరువు నీటి మీద బ్రతికిన సీమకు ఈ మాటల బరువు ఇట్టే తెలుస్తుంది. నల్లమల కొండల సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఆ కట్ట ఎత్తు 57 అడుగులు, దానిలోకి నీరు వచ్చే పరీవాహకం సుమారు 430 చదరపు మైళ్ళు. కట్టించినది గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ అని స్థలచరిత్ర చెబుతుంది. ఆమె పేరు నిలిచింది. ఆ తరువాత ఇన్ని వందల ఏళ్ళు తూములు ఎవరు బాగుచేయించారు, కట్ట మీద మట్టి ఎవరు పోయించారు, వానలు ముంచెత్తిన ఏడు అలుగు దగ్గర ఎవరు కాపలా పెట్టించారు అన్నది ఏ కథలోనూ లేదు. రెఖ్మిరే గోడ చెప్పేది సరిగ్గా అటువంటి పనినే.

అయితే ఈ వ్రాతలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఉపదేశమూ విధులూ రెఖ్మిరే సొంతంగా రచించినవి కావు. పినతండ్రి ఉసెర్ సమాధిలోనూ, మరికొందరు వజీరుల సమాధులలోనూ ఇవే మాటలు కనిపిస్తాయి. తరతరాలుగా పదవితోపాటు సంక్రమించిన పాఠం ఇది. మన శాసనాలలో ప్రశస్తిభాగం రాజు మారినా పెద్దగా మారనట్లే ఇక్కడ విధులూ మారలేదు. కనుక రెఖ్మిరే నిజంగా మూడు రోజులలో భూమి తగాదాలు తీర్చాడని ఈ గోడ నిరూపించదు. తీర్చడం తన పని అని అతడు ఒప్పుకొన్నాడని, ఆ ఒప్పుకోలును పరలోకంలో దేవతల ముందు తన మంచితనానికి సాక్ష్యంగా పెట్టుకొన్నాడని నిరూపిస్తుంది. మాఅత్ అనే దేవత న్యాయానికీ, లోకం తన క్రమంలో నడవడానికీ రూపం. వజీరు ఆమెకు అర్చకుడిగా కూడా వ్యవహరించేవాడు. చనిపోయినవాడి గుండెను మాఅత్ ఈకతో తూచుతారన్న నమ్మకం ఉన్న సమాజంలో, ఉద్యోగధర్మాన్ని సమాధిలో వ్రాయించడం కేవలం గొప్ప చెప్పుకోవడం కాదు.

వ్రాతల ప్రక్కనే చిత్రాలు ఉన్నాయి. దక్షిణాన అస్వాను దగ్గరి ఎలెఫాంటిన్ నుంచి ఉత్తరాన అస్యూత్ దాకా ఉన్న ఊళ్ళ అధికారులు తమ వంతు చెల్లింపులు తెస్తారు: బంగారు కడియాలు, పశువులు, నారబట్టలు, తేనె, ధాన్యం, పావురాలు, చాపలు. ప్రతి వరుసకూ ఊరి పేరు, వస్తువు పేరు, లెక్క ఉంటాయి. మరొక గోడ మీద ఐదు వరుసలలో విదేశీయుల కానుకలు ఉన్నాయి. దక్షిణాన ఎర్రసముద్రతీరపు పుంట్ దేశం నుంచి సాంబ్రాణి, నూబియా నుంచి ఏనుగు దంతాలు, చిరుత తోళ్ళు, మెడ మీదికి కోతి ప్రాకుతున్న ఒక జిరాఫీ, సిరియా నుంచి గుర్రాలు, రథాలు, ఒక ఎలుగుబంటి, మనిషి నడుముకు మించని ఒక చిన్న ఏనుగు. ఆనాటికి సిరియాలో అడవి ఏనుగులు ఇంకా ఉన్నాయి. క్రీటు ద్వీపవాసులను చిత్రించిన వరుసలో ఒక విశేషం ఉంది: వారి కట్టు మొదట ఒక రకంగా వేసి, తరువాత దాని మీద రంగు పూసి మరొక రకపు నడుముగుడ్డగా మార్చారు. సమాధి పని సాగుతున్న ఏళ్ళలోనే క్రీటులో అధికారం, దానితో వేషం మారాయని, వచ్చిన దూతలను చూసి చిత్రకారులు తమ గోడను సవరించుకొన్నారని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఈ గోడ ఎంత శ్రద్ధగా తాజా సమాచారాన్ని పట్టుకొందో ఊహించవచ్చు.

పొడవాటి గదిలోని కర్మశాలల గోడను ఎంత వివరించినా తక్కువే. అమున్ దేవాలయానికి చెందిన కార్ఖానాలలో వడ్రంగులు రంపంతో కోసి, జిగురు కాచి పెట్టెలు అతుకుతారు. చర్మకారులు తోలును నానబెట్టి, సాగదీసి, చెప్పులుగా కోస్తారు. కంసాలులు త్రాసులో బంగారం తూచుతారు, ప్రక్కన లేఖకుడు ఆ తూకం వ్రాసుకొంటాడు. పూసలు తొలిచేవారు ఒకే ధనుస్సుతో ఒకేసారి రెండు మూడు బరమాలు త్రిప్పుతారు. తోలుతిత్తుల మీద ఒక కాలు తరువాత ఒక కాలు వేసి తొక్కుతూ, పైకి లేవడానికి త్రాళ్ళు లాగుతూ కొలిమి ఊదేవారు, మూసల నుంచి కరిగిన కంచును పెద్ద తలుపు అచ్చులోకి పోసేవారు కనిపిస్తారు. రాజు సిరియా వైపు యుద్ధాల నుంచి తెచ్చిన రాగి ఇది అని ప్రక్కన వ్రాసి ఉంది. ఇటుకల వరుస మరింత ప్రసిద్ధమైనది: చెట్లు చుట్టూ ఉన్న కొలను నుంచి నీరు ముంచడం, మట్టి తవ్వి కలపడం, చెక్క అచ్చులో వేసి వరుసగా ఎండబెట్టడం, కావడి మీద మోయడం. తెలుగు పల్లెలలో పచ్చి ఇటుక కోసిన ఏ కుటుంబానికైనా ఆ వరుసను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వారు యుద్ధఖైదీలని చిత్రం ప్రక్కనున్న వ్రాత చెబుతుంది. బెత్తం పట్టుకొని కూర్చొన్న మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. ఈ గోడను వజీరు వైభవంగా మాత్రమే చదివినవారు అందులోని సగాన్ని చదవలేదన్నమాట. చెమట పోసినవారి రంగు, జుట్టు, గడ్డం, నడుము వంపు ఎంత శ్రద్ధగా గీశారో చూస్తే, చిత్రకారుడి కన్ను యజమాని కన్ను కంటె విశాలమైనదని అనిపిస్తుంది.

రెఖ్మిరే ముఖమే ఇప్పుడు ఆ గోడ మీద లేదు. అతని బొమ్మలను, పేరును చాలా చోట్ల ఉలితో చెక్కివేశారు. రెండవ అమెన్‌హోటెప్ కాలంలో అతడు రాజాగ్రహానికి గురయ్యాడని కొందరు, అతని వర్గం పడిపోయిన తరువాత శత్రువులు చేశారని కొందరు అంటారు. కారణం ఏదైనా, చెరిపినవారికి వజీరు మీద కోపమే గాని వడ్రంగి మీద, ఇటుకలు కోసేవాడి మీద కోపం లేదు. వారు అలాగే ఉన్నారు. తరువాతి కాలంలో ఆ కొండ మీది ఊరివారు సమాధులలో కాపురం ఉండటం వల్ల పొగచూరిన చిత్రాలను, 19వ శతాబ్దపు యాత్రికులు నకలు తీసిన తరువాత, నార్మన్ డేవిస్, నీనా డేవిస్ దంపతులు ఏళ్ళ తరబడి కూర్చొని మళ్ళీ నకళ్ళు తీశారు. నార్మన్ డేవిస్ రెండు సంపుటాల గ్రంథం 1943లో వెలువడింది. శాసనాలు చదవడమే జీవితంగా గడిపినవారిని స్మరించేటప్పుడు ఆ దంపతుల పేరు చెప్పకపోవడం న్యాయం కాదు.

ఈ పాఠంతో తెలుగునేలకు వస్తే, అధికారి సమాధి కోసం చూడవలసిన మొదటి చోటు గోల్కొండ కోటకు ఉత్తరాన ఉన్న కుతుబ్ షాహీ సమాధుల తోట. సుల్తానులు తమ కోసం కట్టించుకొన్న ఈ తోటలో నలభై దాకా సమాధులు ఉన్నాయి. వాటిలో రాజవంశీకులు కానివారివి కొన్నే: అబ్దుల్లా కుతుబ్ షా వైద్యులైన ఇద్దరు హకీములవి, రాజాదరణ పొందిన తారామతి, ప్రేమామతులవి, దండనాయకుడు నేక్‌నాం ఖాన్‌ది. రాజుల ప్రక్కన చోటు దొరకడమే ఒక పదవి. సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సమాధి ప్రాకారానికి వెలుపల, అంచెలుగా లేచిన వేదిక మీద నేక్‌నాం ఖాన్ సమాధి ఉంది. 1082వ హిజ్రీ చివరి మాసంలో, అంటే 1672 వసంతంలో, అతడు మరణించినట్లు అక్కడి శాసనం చెబుతుంది. అసలు పేరు రజా కులీ బేగ్. నేక్‌నాం అంటే మంచి పేరు గలవాడని అర్థం, అది సుల్తాను ఇచ్చిన బిరుదు.

అతడు కర్ణాటక సీమకు, అంటే గోల్కొండ సైన్యాలు పెన్న దాటి జయించిన కడప నుంచి మద్రాసు తీరం వరకు గల నేలకు, సర్వాధికారి. కడప పట్టణం కొంతకాలం నేక్‌నామాబాద్ అనిపించుకొన్నది అతని పేరునే. 1662లో పోర్చుగీసువారి నుంచి మైలాపూరు శాంథోమ్‌ను గోల్కొండ పట్టుకొన్నది అతని నాయకత్వంలోనే. మద్రాసులోని ఇంగ్లీషు కంపెనీతో సుంకాల విషయమై ఏళ్ళ తరబడి నడిచిన తగాదాను తీరుస్తూ, ఏటా 1,200 వరహాలు చెల్లించేటట్లు 1672లో కౌలు ఇచ్చినవాడు కూడా అతడే. కౌలు అంటే ఫలానా మొత్తం కడితే ఫలానా హక్కు మీదేనని ప్రభుత్వం ఇచ్చే హామీపత్రం. ఆ సంవత్సరమే అతడు పోయాడు; అబ్దుల్లా కుతుబ్ షా కూడా ఆ ఏడే మరణించాడు. మద్రాసు నగరచరిత్రలో ఆ కౌలుకు ఉన్న స్థానం చిన్నది కాదు. అయినా నేక్‌నాం ఖాన్ సమాధి మీద చెక్కించినది ఆ కౌలు గురించి కాదు, శాంథోమ్ గురించీ కాదు. రెఖ్మిరే తన కచేరీని సమాధిలోకి తెచ్చుకొన్నాడు. గోల్కొండ అధికారి కచేరీని కోటలోనే వదిలి వచ్చాడు. ఇస్లాం సంప్రదాయంలో సమాధి మీద మనిషి బొమ్మకు, అతని ఉద్యోగచిత్రాలకు చోటు లేదు. మరణించిన తేదీ, దైవస్మరణ, సమాధి పోషణకు చేసిన ఏర్పాటు చాలు. కనుక గోల్కొండ అధికారి పనిని తెలుసుకోవాలంటే సమాధి బయట వెదకాలి.

అదృష్టవశాత్తు అటువంటి సాక్ష్యం ఒకటి మన సీమకు చేరువలోనే ఉంది. నేక్‌నాం ఖాన్‌కు ముందు కర్ణాటకాన్ని జయించినవాడు మీర్ జుమ్లా. ఇరానులోని అర్దిస్తాన్ నుంచి వజ్రాల వ్యాపారంలో గుమాస్తాగా వచ్చి గోల్కొండ మంత్రి అయిన ఇతడు 1650లో పెమ్మసాని నాయకుల నుంచి గండికోటను తీసుకొన్నాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే 1652లో అక్కడికి వచ్చి, అతడు పని చేసే తీరును కళ్ళారా చూసి వ్రాశాడు. గుడారంలో చెప్పులు లేకుండా కూర్చొన్న మీర్ జుమ్లా కాలివేళ్ళ మధ్యా, ఎడమ చేతి వ్రేళ్ళ మధ్యా కాగితాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి చదువుతూ, ఇద్దరు లేఖకుల చేత జవాబులు వ్రాయించి, తానే మొహరు వేయించేవాడట. నేరస్థులను తెచ్చి నిలబెడితే చెరలో ఉంచే ఆలస్యం లేకుండా అక్కడే విచారించి శిక్ష చెప్పేవాడట. వజీరు ఆసనం, చాప, మొహరు, లేఖకులు, ఎదుట అర్జీలు, ఇవన్నీ మూడు వేల ఏళ్ళ తరువాత గండికోట గుడారంలో కనిపిస్తాయి. ఒక్క తేడా, థీబ్స్‌లో చెరసాల పుస్తకం చూసి చెప్పవలసిన తీర్పును గండికోటలో మనిషి ముఖం చూసి చెప్పారు. ఆ తేడా చిన్నది కాదు. పాత నేరం వ్రాసి పెట్టి ఉంటే తీర్పు ఒక మనిషి జ్ఞాపకం మీద ఆధారపడదు.

మీర్ జుమ్లా గోల్కొండను వదిలి మొగలుల కొలువులో చేరి, 1656లో ఢిల్లీ వజీరు అయ్యాడు. అస్సాం మీదికి దండెత్తి తిరిగి వస్తూ 1663లో మరణించాడు. అతని సమాధి గారో కొండల పాదాన మన్కాచార్‌లో ఉంది. తెలుగు సీమను ఏలిన వజీరు సమాధి బ్రహ్మపుత్రా తీరాన ఉండటం, ఆ కాలపు అధికారి ఏ ఒక్క నేలకూ చెందినవాడు కాడన్న సంగతికి గుర్తు. దత్తమండలాల మొదటి కలెక్టరు థామస్ మన్రో కూడా అటువంటివాడే: గవర్నరుగా పర్యటనలో ఉండగా 1827లో పత్తికొండలో కలరాతో మరణించి, మొదట గుత్తిలో, ఆ తరువాత మద్రాసు కోటలోని చర్చిలో పూడ్చబడ్డాడు. కంభం, దూపాడు సీమల రైతుల పొలాలు కొలిపించి పన్ను కట్టిన అతని పని ఆ రెండు సమాధులలో దేని మీదా లేదు, సర్కారు లెక్కలలో ఉంది.

మాదన్నకు ఆ మాత్రం సమాధి కూడా లేదు. హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి, నేక్‌నాం ఖాన్ పోయిన మరుసటి ఏళ్ళలో సుల్తాను తానీషా కొలువులో గోల్కొండ పాలనను చేతిలోకి తీసుకొన్న అతడు 1686లో అన్న అక్కన్నతో కలిసి గోల్కొండలోనే హత్యకు గురయ్యాడు. దహనసంస్కారం చేసే సంప్రదాయంలో అధికారికి గోడలు దొరకవు. విజయవాడ కొండలోని గుహలకు, హైదరాబాదు పాతబస్తీలోని ఒక గుడికి వారి పేరు నిలిచింది. తెలుగు అధికారులలో అధికులది ఇదే స్థితి. అందువల్ల మన సీమలో రెఖ్మిరే గోడకు బదులుగా చదవవలసినవి రెండు: ఆలయాల శాసనాలు, కైఫియత్తులు. మార్కాపురం చెన్నకేశవాలయంలోని విజయనగరకాలపు శాసనాలు అప్పటి పాలనకు సాక్ష్యాలు. కాలిన్ మెకంజీ దత్తమండలాలు సర్వే చేస్తున్న రోజులలో, అతని సహాయకులైన కావలి సోదరుల పర్యవేక్షణలో ఊరూరా తిరిగి సేకరించిన గ్రామచరిత్రలే కైఫియత్తులు. ఎవరి కాలంలో ఏ అమల్దారు వచ్చాడు, ఏ సంవత్సరం చెరువు తెగింది, ఏ మాన్యం ఎవరి సనదుతో నడిచింది, ఏ పాలెగాడు ఎంత పేష్కషు కట్టాడు అన్న వివరాలు కరణాలు చెప్పగా వ్రాసుకొన్నవి. 1905లో వెలువడిన నెల్లూరు శాసనాల సంపుటాలు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలను చేర్చుకొన్నాయి గాని, అప్పటికి కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, కంభం, గిద్దలూరు వాటిలోకి రాలేదు. కనుక ఈ మూడు ప్రాంతాల శాసనాలను కైఫియత్తులతో సరిపోల్చి, అధికారుల పేర్లు, హోదాలు, తేదీలు ఊరి వారీగా ఒకచోట కూర్చి అచ్చువేయవలసి ఉంది. కంభం చెరువు తూముల మరమ్మతు ఎవరి కాలంలో ఎవరు చేయించారన్న ప్రశ్నతో ఆ పని మొదలుపెట్టవచ్చు.